ఇల్లు చేతులు మారితే బిల్డర్ బాధ్యత పోతుందా?

ఇవాళ సెకండ్ హ్యాండ్ ఇళ్ల గురించి మాట్లాడుకుందాం.

ఎనుమాముల మార్కెట్ దగ్గర మీ నాన్న ఒక ఫ్లాట్ కొన్నాడనుకోండి. మొదటి ఓనర్ మూడేళ్లు ఉండి అమ్మిండు. మొదటి వానకే స్లాబ్ కారింది. బిల్డర్‌కు ఫోన్ చేస్తే, "నేను మీకు అమ్మలేదు కదన్నా" అన్నడు. చాలామంది ఇక్కడే ఊరుకుంటారు. ఊరుకోకండి.

2016 రెరా చట్టం సెక్షన్ 14 ఏం చెప్తుందంటే, ఇల్లు స్వాధీనం చేసిన రోజు నుంచి ఐదేళ్లలోపు నిర్మాణంలో, పనితనంలో లోపం బయటపడి చెప్తే, బిల్డర్ 30 రోజుల్లో పైసా తీసుకోకుండా బాగు చేయాలి. చేయకపోతే నష్టపరిహారం అడగొచ్చు. మొదట కొన్నవాళ్ల దగ్గర తర్వాత కొన్నవాళ్లూ ఈ చట్టం కిందికి వస్తారు. అద్దెకున్నవాళ్లు మాత్రం రారు.

ఒక్కటి గుర్తుపెట్టుకోండి. మీరు కొన్న రోజు నుంచి కొత్తగా ఐదేళ్లు రావు. 2022 జూన్‌లో మొదటి ఓనర్‌కు ఇస్తే, మీరు 2025లో కొన్నా 2027 జూన్ వరకే. అందుకే ఫోన్‌లో కొట్లాడి టైమ్ పోగొట్టుకోకుండా, ఫొటోలు పెట్టి రాతపూర్వకంగా నోటీసు పంపండి. కదలకపోతే తెలంగాణ రెరాకు ఫిర్యాదు చేయండి.

మరి సొంత జాగాలో మేస్త్రీతో కట్టించిన ఇల్లయితే? ఇక్కడ కథ వేరే. ఒప్పందం పాత ఓనర్‌కూ కాంట్రాక్టర్‌కూ మధ్యనే ఉంటది. మీ సంతకం అందులో లేదు. కాంట్రాక్టర్‌ను నేరుగా పట్టుకోవడం కష్టం. అయితే అమ్మినాయన తప్పించుకోలేడు. 1882 ఆస్తి బదిలీ చట్టం సెక్షన్ 55 ప్రకారం, మామూలుగా చూస్తే కనబడని పెద్ద లోపం తనకు తెలిసి ఉంటే కొనేవాళ్లకు చెప్పాలె. పగుళ్లకు పుట్టీ పెట్టి, రంగేసి దాస్తే అది మోసమే.

మిర్చి అమ్మితే తక్‌పట్టీ లేకుండా యార్డు దాటం. లక్షలు పోసి ఇల్లు కొనేటప్పుడు మాత్రం కాగితం అడగడానికి మొహమాటపడతాం. రిజిస్ట్రేషన్‌కు ముందే మూడు అడగండి: మొదటి స్వాధీనం తేదీ ఉన్న లెటర్, కాంట్రాక్టర్‌తో చేసుకున్న అగ్రిమెంట్, ఆ అగ్రిమెంట్ హక్కులు మీకు బదిలీ చేస్తున్నట్టు సేల్ డీడ్‌లో ఒక లైన్. ఆ లైన్ సరిగ్గా రాయించడానికి లాయర్‌కిచ్చే ఫీజు, రేపు స్లాబ్ రిపేర్ ఖర్చు ముందు ఏపాటిది?

ఇల్లు చూస్తున్న మీ దోస్తులకు ఈ ఎపిసోడ్ పంపండి. మళ్లీ కలుద్దాం.