మారిషస్‌లో మా సంసారము

హిందూ మహాసముద్రములో, మడగాస్కరుకు తూర్పుగా ఉన్న మారిషస్ ద్వీపములో మేము 2022 నుండి 2024 వరకు కాపురమున్నాము. ఉద్యోగరీత్యా వెళ్ళిన కుటుంబము మాది. దంపతులము ఇద్దరము, ఎనిమిదేండ్ల అమ్మాయి, నాలుగేండ్ల అబ్బాయి. బయలుదేరే ముందు ఇంటిలోని పెద్దలు అప్పడములు, ఆవకాయ కట్టి ఇచ్చి, ఒకే ఒక హెచ్చరిక చేసినారు: "పిల్లలు తెలుగు మరచిపోతారు, జాగ్రత్త." విదేశములకు పోయే ప్రతి కుటుంబమునకూ ఈ మాట చెప్పి పంపడము మనకు అలవాటే. కాని మేము వెళ్ళిన దేశములో ఆ మాటకు ఎంత బరువున్నదో అక్కడ కొంతకాలము గడిపిన పిమ్మటగాని తెలియలేదు.

ఆ ద్వీపము పొడవు సుమారు 65 కిలోమీటర్లు, వెడల్పు 45. జనాభా పన్నెండున్నర లక్షలు. మా నివాసము కాత్ర్ బోర్న్ అనే పట్టణములో. నాలుగు సరిహద్దురాళ్ళు అని ఆ పేరుకు అర్థము. ఇండ్లన్నీ కాంక్రీటు కప్పుతో, పెట్టెలవలె కనిపిస్తాయి. మొదట మాకవి అందముగా తోచలేదు. 1960లో కారోల్ అనే తుపాను వేలకొలది రేకుల ఇండ్లను, కలప ఇండ్లను నేలమట్టము చేసిన తరువాత ప్రజలు కాంక్రీటునే నమ్ముకొన్నారని విన్నాక, ఆ పెట్టెలమీద మాకు గౌరవము కలిగినది.

అక్కడి భాషల సంగతి విచిత్రమైనది. చట్టసభలో ఇంగ్లీషు, వార్తాపత్రికలలో ఫ్రెంచి, ఇంటిలోను వీధిలోను క్రియోలు. ఈ మూడింటికీ సిద్ధపడి మేము బజారుకు వెళ్ళినాము. కొత్తిమీర కట్టను చూపి ధర అడిగితే, అమ్మే స్త్రీ దానిని "కొతొమిలి" అన్నది. కరివేపాకు "కారీపులే", బీరకాయ "పిపాంగాయ్", మునగాకు "బ్రెద్ మురూమ్". ఫ్రెంచి నేర్చుకొనవలెనని పుస్తకము కొనుక్కొని వెళ్ళిన మాకు బజారులో సగము మాటలు పుస్తకము లేకుండానే తెలిసినవి! ఇవి చాలావరకు తమిళుల నోటినుండి వచ్చిన మాటలు. పద్దెనిమిదవ శతాబ్దములో, ఫ్రెంచివారి పాలనలోనే, పుదుచ్చేరి ప్రాంతమునుండి తమిళ పనివారు అక్కడికి చేరినారు. వీధిలో సైకిలు బండిమీద అమ్మే ధల్‌పూరి మరొక వింత. పప్పు ఉడికించి పొడిచేసి, పిండిలో పెట్టి వత్తి కాలుస్తారు. బెల్లము వేయుట మరచిన బొబ్బట్టు అని మా అమ్మాయి దానికి పేరు పెట్టినది. రెండేసి చొప్పున చుట్టి, నడుమ కూరయు పచ్చడియు పెట్టి ఇస్తారు. ఒక్కటే ఇమ్మంటే నవ్వుతారు.

ఋతువులు తారుమారు. జనవరిలో ఎండలు మండుతాయి. జూలైలో ఉన్నిదుస్తులు కావలసివస్తాయి. మన వైపు వేసవిలో పూచే తురాయి అక్కడ డిసెంబరులో వీధులను ఎరుపెక్కిస్తుంది. మామిడిపండ్లు దీపావళి దాటిన తరువాత బజారుకు వస్తాయి. అందుచేత ఉగాదినాటికి మామిడి కాలము ముగిసిపోయి ఉంటుంది. అయినా ఉగాది ఆ దేశమంతటికీ సెలవు దినము. చైత్రము వసంతము కాని దేశములో మన సంవత్సరాదికి బడులు, కచేరీలు మూతపడుట చూచి మేము మొదటిసారి నిజముగా ఆశ్చర్యపడినాము.

ఎందుకు సెలవు? మన తెలుగువారు అక్కడికి వెళ్ళి నూట ఎనభై ఏండ్లు దాటినది గనుక. 1834లో బానిసత్వమును రద్దుచేయుచున్న తరుణములో చెరకుతోటల యజమానులు ఒప్పంద కూలీలను భారతదేశమునుండి రప్పించుట ప్రారంభించినారు. ఇరవయ్యవ శతాబ్దపు ఆరంభము వరకు నాలుగున్నర లక్షలమందికి పైగా వచ్చినారు. గంజాము, విశాఖపట్టణము, గోదావరి మండలములవారు వారిలో ఒక భాగము. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరుతో తెలుగువారిని అక్కడ కోరంగీలని పిలిచేవారు. ఆ కోరంగి రేవును 1839 నవంబరులో ఉప్పెన పాడుచేసినది. రేవు శిథిలమైపోయినా, సముద్రమునకు ఆవల దాని పేరు ఒక జాతికి పేరై మిగిలినది.

రాజధాని పోర్ట్ లూయీలో ఆప్రవాసీ ఘాట్ అనే చోట ఆ కూలీలు ఓడ దిగి ఎక్కిన రాతిమెట్లు పదహారు ఉన్నవి. 2006లో యునెస్కో ఆ స్థలమును ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించినది. మా అబ్బాయి ఆ మెట్లను లెక్కపెట్టుచు పైకి క్రిందికి పరుగెత్తుచుంటే కావలివాడు వారించలేదు.

మా అమ్మాయిని దగ్గరలోని ప్రాథమిక పాఠశాలలో చేర్చినాము. అక్కడ ప్రతి పిల్లవాడూ ఇంగ్లీషు, ఫ్రెంచిలతోపాటు కావలెనన్న తన పూర్వుల భాషను కూడ చదువుకొనవచ్చును. హిందీ, ఉర్దూ, తమిళము, మరాఠీలతోపాటు తెలుగు ఉన్నది. మా అమ్మాయి తెలుగు తరగతిలో కూర్చున్నది. మొదటి దినము ఇంటికి వచ్చి మూతి ముడుచుకొన్నది. దాని ప్రక్కన కూర్చున్న బాలిక అక్షరములు ముత్యములవలె వ్రాస్తుందట. గుణింతములు, వత్తులు ఒక్కటీ తప్పదట. మా అమ్మాయి వాగుడుకాయ. వ్రాయబోతే "క్ష" దగ్గరనే చిక్కుపడుతుంది. కాని ఆ బాలికకు "అన్నము తిన్నావా?" అని అడిగితే అర్థము కాలేదు! ఒకరికి మాట ఉన్నది, అక్షరము లేదు. ఒకరికి అక్షరము ఉన్నది, మాట లేదు. ఉపాధ్యాయిని వారిద్దరినీ విడదీయలేదు. సంవత్సరము తిరిగేసరికి మా అమ్మాయి వ్రాత కుదిరినది. ఆ బాలిక మా ఇంటికి వచ్చి, "పెరుగు ఉందా, పిన్నీ?" అని అడుగనేర్చినది. మధ్యలో తగవులాడుకొన్నప్పుడు మాత్రము ఇద్దరూ క్రియోలులోనే తిట్టుకొనేవారు. మా అబ్బాయి సంగతి వేరు. వాడు ఆరు నెలలలో క్రియోలులోనే కలలు కనసాగినాడు. నిద్రలో పలవరించిన మాటలు మాకు అర్థముకాక, తెల్లవారి పొరుగువారిని అడిగి తెలుసుకొన్నాము. కుక్కపిల్ల కావాలన్నాడట.

ఆ పొరుగింటిలో డెబ్బది ఎనిమిదేండ్ల వృద్ధురాలు ఉండేవారు. మా పిల్లలు ఆమెను అమ్మమ్మగారనేవారు. ఆమె మాలో ఆడవారిని "మో తిఫి" అనేవారు. నా బిడ్డా అని దాని అర్థము. ఆమె తెలుగు కుటుంబమున పుట్టి, తెలుగు కుటుంబమున మెట్టినవారు. అమ్మ, తాత, దీపము, పసుపు, గోవిందా, ఇటువంటి మాటలు పాతిక ముప్పది మించి తెలుగు ఆమెకు తెలియదు. కాని ఆమె ఇంట రామభజనము జరిగిన రాత్రి మమ్ములను పిలిచినారు. నడుమ దీపస్తంభము పెట్టి, చుట్టూ తిరుగుచు, తాళములు వాయించుచు సాయంకాలమునుండి తెల్లవారువరకు పాడినారు. ఆమె చేతిలో ఒక పాత పుస్తకము. అందులో తెలుగు పాటలు ఫ్రెంచి అక్షరములతో వ్రాసి ఉన్నవి. ఆమె దానిని తెరువనే లేదు. అన్నీ కంఠస్థము. కొన్ని మాటలు అరిగిపోయి రూపు మారినవి. అయినా మా నాయనమ్మ నోట విన్న పాటలను వాటిలో మేము గుర్తుపట్టినాము. సింహాద్రి అప్పన్న పండుగనుకూడ అక్కడివారు నేటికీ చేస్తారు. సింహాచలము కొండను ఎన్నడూ చూడనివారు!

తెల్లవారిన తరువాత కాఫీ త్రాగుచు ఆమె అడిగినారు: "ఈ పాటలో ఏమున్నదో చెప్పండి." డెబ్బది ఏండ్లుగా పాడుచున్న పాట అర్థమును మేము క్రియోలు, ఇంగ్లీషు కలగలిపి చెప్పినాము. ఆమె చాలాసేపు మాటాడలేదు. "మా అమ్మకు తెలుసునేమో, నేను అడగలేదు" అన్నారు. ఆ మాటతో మా పెద్దల హెచ్చరిక మాకు జ్ఞాపకము వచ్చినది. తోటలలోని కూలీల వరుసయిండ్లలో భోజ్‌పురీవారు, తమిళులు, తెలుగువారు, మరాఠీలు, ఆఫ్రికా సంతతివారు కలిసి బ్రతికినారు. అందరికీ పనికివచ్చిన క్రియోలు ఇంటిలోనికి వచ్చినది. అందులో ఎవరి తప్పూ లేదు. బ్రదుకుతెరువు అట్లుండినది. మా అబ్బాయికి ఆరు నెలలు చాలినవి గదా!

ఆదివారములలో తిరిగిన చోట్ల గురించి సంగ్రహముగా చెప్తాము. షమరేల్‌లోని ఏడు రంగుల మన్ను ఫోటోలలో బాగుంటుంది, దగ్గరగా పోతే మరికొంత బాగుంటుంది. గ్రాన్ బాసేన్ సరస్సునకు శివరాత్రికి వేలాదిమంది కావడులు మోసుకొని కాలినడకన వస్తారు. దారి పొడుగునా ముక్కుమొగము తెలియనివారు పండ్లరసములు ఇస్తారు. ద్వీపము నైఋతి కొసన లె మోర్న్ అనే కొండ ఉన్నది. తప్పించుకొన్న బానిసలు దాని గుహలలో తలదాచుకొన్నారు. క్రింద సముద్రతీరము వినోదయాత్రికులతో కిటకిటలాడుచుండగా, ఆ కొండను చూచుచు మేము తెచ్చుకొన్న పులిహోర తిన్నాము.

2024 సంక్రాంతి జనవరి 15వ తేదీన వచ్చినది. ఆ దినముననే బెలాల్ తుపాను. అక్కడ తుపాను హెచ్చరికలు నాలుగు తరగతులుగా ఇస్తారు. మూడవ తరగతి వస్తే ఎవరి ఇంటిలో వారు ఉండవలెను. ఉదయము ముగ్గు వేయబోతే వాన కడిగివేసినది. పోర్ట్ లూయీ వీధులలో వరద కార్లను తోసికొనిపోయినది. గాలి హోరులో కిటికీలు బిగించుకొని కూర్చున్నాము. పొరుగింటి అమ్మమ్మగారు ఒంటరిగా ఉన్నారని ముందే మా ఇంటికి తీసికొనివచ్చినాము. కొవ్వొత్తి వెలుతురులో అరిసెలు తినుచు, పదిహేనేండ్ల వయసులో కారోల్ తుపానును చూచిన ఆమె, ఇది తుపానే కాదన్నట్లు మాటాడినారు. ఆ రాత్రి ఆమె మమ్ములను ఒక సహాయము కోరినారు. తమ ముత్తాత ఊరి పేరు చదివిపెట్టవలెనట.

మోకా అనే ఊరిలో 1970లో స్థాపించిన మహాత్మా గాంధీ సంస్థ ఉన్నది. వలసకూలీల దస్తరములు అక్కడ భద్రపరచినారు. దరఖాస్తు పెట్టి, కొన్ని వారములు వేచి, ఆమెతో కూడ వెళ్ళినాము. ఒక సంఖ్య, ఒక పేరు, తండ్రి పేరు, వయస్సు ఇరువది రెండు, ఎత్తు, నుదుటిమీద మచ్చ. ఆ మనిషి పేరే తరువాతివారికి ఇంటిపేరైనది. ఆ ద్వీపములో చాలామందికి అట్లే జరిగినది. జిల్లా: వైజాగపటం. గ్రామము పేరును దొర చెవికి వినబడినట్లు వ్రాసినాడు: కొట్టపొల్లెం. ఆమె మా ముఖములను చూచుచున్నారు. "కొత్తపాలెం" అన్నాము. "కొత్తపాలెం, కొత్తపాలెం" అని ఆమె నాలుగైదుసార్లు అనుకొన్నారు. "పాత ఊరిలో చోటు చాలక కొత్తగా కట్టుకొన్న ఊరు" అని అర్థము చెప్పితే నవ్వి, "అక్కడనుండి కూడ ఇంకొక కొత్త ఊరికి వచ్చినాడన్నమాట" అన్నారు. 2024 మార్చిలో భారత ప్రభుత్వము మారిషస్‌లోని భారతసంతతివారికి ఏడవ తరము వరకు విదేశీ పౌర కార్డు ఇచ్చుటకు అంగీకరించినది. ఆ కార్డు విషయము మేము ఎత్తితే ఆమె లక్ష్యపెట్టలేదు. ఏ కొత్తపాలెం అన్నదే ఆమెకు కావలెను.

అదే చిక్కు. మన కోస్తాలో కొత్తపాలెములు ఎన్ని! పాత విశాఖపట్టణము జిల్లా నేటి అనేక జిల్లాలుగా విడిపోయినది. తిరిగివచ్చిన తరువాత మేము సెలవు దొరికినప్పుడెల్లా కారు కట్టించుకొని ఇప్పటికి నాలుగు కొత్తపాలెములు చూచినాము. రచ్చబండ దగ్గర విచారిస్తే వృద్ధులు, "మావాళ్ళు పోతే రంగూనే పోయేరు బాబూ, ఆ దేశం పేరు మేం వినలేదు" అన్నారు. ఒక ఊరిలో రామాలయము ముందు భజన జరుగుచుంటే మా అమ్మాయి ఫోనులో పట్టుకొని పంపినది. అమ్మమ్మగారు మరునాడు పిలిచి, మూడవ పాట తమకు తెలిసినదేనని, చివరి చరణము మాత్రము వారు తప్పు పాడుచున్నారని చెప్పినారు. ఇంకను చూడవలసినవి రెండు ఉన్నవి. దసరా సెలవులకు పిల్లలతో వెళ్తాము.