మన తర్వాత వాళ్ళకు ఇల్లు ఏది?

(సమాఖ్య వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగం)

నేను ఎనిమిదో తరగతి దాకా చదివినవాణ్ణి. సంఘం లెక్కలు రాసేది నా పని. నూలు ధర గురించో, కూలి గురించో మాట్లాడతానని అనుకొనుంటారు. ఈరోజు వేరే సంగతి చెప్పాలని నిలబడినాను.

మన వీధుల్లో కొన్ని ఇండ్లలో బుద్ధి ఎదగని పిల్లలు ఉన్నారు. పిల్లలంటాం గానీ వాళ్ళకు ముప్పై, నలభై ఏండ్లు. కొందరు అమ్మ పక్కన కూర్చొని కండెలు చుడతారు. కొందరికి స్నానం కూడా ఒకరు చేయించాలి. మనసు జబ్బుకు మందులు మింగేవాళ్ళూ ఉన్నారు. వాళ్ళ అమ్మానాయనలు ఇప్పుడు మగ్గం గుంటలోకి దిగలేని వయసుకు వచ్చినారు. వాళ్ళకు నిద్ర పట్టనియ్యనిది ఒకటే మాట. "మేం పోతే వీడికి అన్నం పెట్టేది ఎవరు?"

దీనికి మనోళ్ళు మూడు జవాబులు చెప్తారు. ఒకటి, పెళ్ళి చేస్తే సరిపోతాది అని. సరిపోదు. ఏమీ తెలియని ఇంకో ఇంటి పిల్ల బతుకు కూడా అందులో పడతాది. రెండు, అన్నదమ్ములు చూస్తారు అని. చూసేవాళ్ళు ఉన్నారు, వాళ్ళకు దండం. కానీ ఆ భారమంతా చివరికి వదిన మీదనో, పెండ్లి కాని చెల్లెలి మీదనో పడతా ఉండాది. ఆమెను అడిగినవాళ్ళు ఎవరు? మూడు, ఏదో ఆశ్రమంలో వదిలేద్దాం అని. యాభై మంది ఒకే హాల్లో, గంట కొడితే లేచి, గంట కొడితే తిని బతికేది బతుకా?

నాలుగో దారి ఒకటుంది. దాన్ని గ్రూప్ హోమ్ అంటారు. మామూలు వీధిలో మామూలు ఇల్లు. నలుగురైదుగురు కలిసి ఉంటారు. వంటకు, మందులకు, బజారుకు సాయం చేసే మనిషి ఉంటారు. ఎవరికి ఎంత సాయం కావాలో అంతే. తన బట్టలు తాను ఉతుక్కోగలిగితే తానే ఉతుక్కుంటాడు. పగలు పనికి పోతాడు, పండక్కి మనింటికి వస్తాడు.

ఇది గాల్లో మాట కాదు. మన పక్కనే బెంగళూరులో ఆశా నికేతన్ 1970 నుంచి నడుస్తా ఉంది. బుద్ధి ఎదగనివాళ్ళు, వాళ్ళకు సాయపడేవాళ్ళు అక్కడ కలిసే ఉంటారు. తమిళనాడులో ది బన్యన్ అనే సంస్థ 2015లో 'హోమ్ అగైన్' మొదలుపెట్టింది. ఏండ్ల తరబడి మనసు జబ్బు ఆస్పత్రిలో ఉండిపోయినవాళ్ళు కూడా బాడుగ ఇండ్లలో చేరి, వంట చేసుకొని, ఇరుగుపొరుగుతో మాట్లాడుకుంటా బతుకుతున్నారు.

చట్టం కూడా మన పక్కనుంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం అందరి నడుమ బతికే హక్కు ఇచ్చింది. ఫలానా చోటే ఉండాలని బలవంతం చేయకూడదు. ఇంట్లోవాళ్ళు వద్దన్నారని మాత్రమే ఒక మనిషిని మనసు జబ్బు ఆస్పత్రిలో ఉంచకూడదని 2017 చట్టం చెప్తాది. 1999లో వచ్చిన నేషనల్ ట్రస్టు చట్టం ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం, ఒకటికి మించిన వైకల్యాలు ఉన్నవాళ్ళ కోసం. దాని కింద 'నిరామయ' అనే లక్ష రూపాయల దాకా ఆరోగ్య బీమా ఉంది. 'ఘరౌందా' అనేది పెద్దవాళ్ళయినవాళ్ళ గ్రూప్ హోముల కోసం పెట్టిన పథకం.

ఇంకొకటి. పద్దెనిమిది నిండినవాళ్ళకు చట్టప్రకారం సంరక్షకుణ్ణి పెట్టాలంటే, అదే చట్టం కింద జిల్లాలో ఒక కమిటీ ఉంటాది. దానికి అర్జీ పెట్టాలి. సంరక్షకుడు ఆస్తికి యజమాని కాడు. ఆరు నెలల్లో ఆస్తి పట్టీ ఇయ్యాలి, ఏటేటా లెక్క చూపాలి. లెక్కలు రాసేవాణ్ణి కాబట్టి నాకు ఈ నిబంధన బాగా నచ్చింది.

ఏ హోముకు పోయినా ఊరికే చూసి రావద్దండి, అడగండి. రిజిస్ట్రేషన్ ఉందా? అది లేకుండా నడపకూడదు. ఎంతమంది ఉంటారు? రాత్రి ఎవరుంటారు? వాడి పింఛన్ డబ్బు ఎవరి చేతిలో ఉంటాది? చెప్పకుండా పోయినా లోపలికి రానిస్తారా? వాడికి తెలిసిన తెలుగు మాట అర్థమయ్యేవాళ్ళు ఒక్కరైనా ఉన్నారా? మన పిల్లోడు "సంగటి" అంటే వాళ్ళకు తెలియాల గదా. ఆడపిల్లయితే స్నానానికి, రాత్రికి ఆడమనిషే ఉన్నారా అని గట్టిగా అడగండి. ఇవి అడిగితే కోపం చేసుకొనే చోట మన బిడ్డను ఉంచొద్దు.

అందరికన్నా ముందు అడగాల్సింది ఆ బిడ్డను. మాట రాకపోయినా ముఖం చెప్తాది. మనం పోయిన మర్నాడు ఎవరో తీసుకుపోయి వదిలితే వాడికి అమ్మ పోయింది, ఇల్లూ పోయింది. అందుకే మనం ఉన్నప్పుడే అలవాటు చేయాల. ముందు ఒక పగలు, తర్వాత రెండు రాత్రులు, తర్వాత ఒక వారం. ఇది వదిలించుకునేది కాదు. పెండ్లయిన కూతురు వేరే ఊర్లో ఉంటే మనం వదిలేసినట్టా?

ఖర్చు ఉంది, కాదనను. చాలా హోములు బెంగళూరులోనే ఉన్నాయి, అదీ నిజమే. అయితే ఒక్క నేతగాడు నూలు కొనలేని రోజుల్లో పదిమంది కలిసే కదా సంఘం పెట్టుకున్నాం. మన మూడు తాలూకాల్లో ఇట్లాంటి ఇండ్లు నాలుగైదు కలిస్తే, చింతామణిలోనో బాగేపల్లిలోనో ఒక ఇల్లు అడిగే బలం వస్తాది. తెలిసిన సంస్థను పిలిచి చట్టప్రకారం నడిపించమని అడగొచ్చు.

నా మనవి రెండే. గ్రామ పంచాయితీలో వీ.ఆర్.డబ్ల్యూ. అని వికలాంగుల కోసం పనిచేసే మనిషి ఉంటారు. యూడీఐడీ కార్డు లేనివాళ్ళు ఈ నెలలోనే వాళ్ళను కలవండి. రెండు, ప్రతి సంఘంలో ఒక పుస్తకం పెట్టి, ఇష్టపడిన కుటుంబాల పేర్లు రాయించండి. సిగ్గుపడి దాచిపెట్టిన బిడ్డకు ఎవరూ ఇల్లు కట్టలేరు.