తెర మీద మన వంటిల్లు



టీవీ సీరియల్లో వంటిల్లు ఎప్పుడైనా పరకాయించి చూశారా? గట్టు అద్దంలా మెరుస్తూ ఉంటుంది. సింకులో ఒక్క గిన్నె ఉండదు. పాలు పొంగవు, పోపు మాడదు, వంట మధ్యలో గ్యాసు అయిపోదు. పట్టుచీర కట్టుకుని, వడ్డాణం ఒక్కటే తక్కువగా నగలన్నీ దిగేసుకున్న కోడలుగారు గరిటె పట్టుకుని నిలబడి ఉంటుంది. ఆ గరిటె ఏ గిన్నెలోనూ పడదు. ఆవిడ అటు తిరగ్గానే తోటికోడలో ఆడపడుచో వచ్చి పాయసంలో ఉప్పు కలిపి పోతుంది. ఆ వంటింట్లో జరిగే పని అదొక్కటే.

ఇవి చూసేది ఎవరయ్యా అంటే మనమే. వంటిల్లంటే ఏమిటో మనకు ఒకరు చెప్పాలా? నాలుగు గంటలు నిలబడితే అరికాళ్ళు ఎలా మండుతాయో, చింతపండు పిసుకుతుండగా వీధి తలుపు కొడితే ఎలా ఉంటుందో మనకు తెలియంది కాదు. అయినా ఆ మెరుపు వంటింట్లో కోడలు కన్నీరు పెడితే మనమూ ముక్కు చీదుతాం. సీరియల్సును తిట్టిపోయడానికి రాలేదు లెండి. నేనూ చూస్తాను. అయితే ఈ మధ్య మన వంటింటి వైపు, అందులో ఉండే మనిషి వైపు నిజంగా కెమెరా తిప్పిన బొమ్మలు కొన్ని వచ్చాయి. వాటినీ వీటినీ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు తోచిన నాలుగు ముక్కలు మీతో చెప్పుకుందామని.

ముందు ‘కార్తీకదీపం’ సంగతి. స్టార్ మాలో 2017 అక్టోబరులో మొదలై 2023 జనవరిలో ముగిసింది. పదిహేను వందల ఎపిసోడ్లు దాటి నడిచింది. మలయాళంలో ‘కరుత్తముత్తు’ పేరుతో వచ్చినదానికి ఇది తెలుగు రూపం. దీప వేషం వేసిన ప్రేమి విశ్వనాథే అక్కడ కూడా ఆ వేషం కట్టింది. మనవాళ్ళు ఆవిడను దీప అనడం మానేసి వంటలక్క అన్నారు. భర్త అనుమానం పాలై ఇల్లు వదిలిన మనిషి, నాలుగిళ్ళకూ వండిపెట్టి బిడ్డను పెంచుకుంది కనుక. ఒక ఆడమనిషిని ఆవిడ చేసే పనితో పిలిచి, ఆ పిలుపును ఊరూవాడా ప్రేమగా వాడుకోవడం టీవీలో నేను చూసినంతలో అదే మొదలు.

నల్లపిల్ల కథానాయిక కావడం ఇంకో విశేషం. పెళ్ళిసంబంధాల దగ్గర ‘అమ్మాయి కొంచెం చామనఛాయ’ అని గొంతు తగ్గించి చెప్పుకునే ఇళ్ళు మనవి. ఆ ఇళ్ళలో రోజూ సాయంత్రం ఒక నల్లపిల్ల తల ఎత్తుకుని నడవడం చిన్న సంగతేం కాదు. నలుపంటే గిట్టని అత్తగారు సౌందర్య, పోను పోను ఆ కోడలి పక్షానే నిలబడడం కూడా నాకు నచ్చింది. అత్తగార్లందరూ గయ్యాళులే అయివుండాలన్న రూలును కాస్త సడలించారు. అయితే గొంతులో ముల్లులా ఒకటి. ఆ నలుపు మేకప్పు నలుపు. ప్రేమి విశ్వనాథ్ అసలు ఛాయ వేరు. నల్లపిల్ల కథ చెప్పడానికి నల్లపిల్లే దొరకలేదా ఈ దేశంలో?

ఇక డాక్టరు బాబు. గుండె జబ్బులు కుదిర్చే పెద్ద డాక్టరు. ఒక్క పరీక్ష చేయిస్తే తేలిపోయే విషయం ఏళ్ళ తరబడి తేలలేదు. ‘ఆ డీఎన్ఏ పరీక్షేదో చేయించవయ్యా మహానుభావా’ అని చూసేవాళ్ళే గోల పెట్టారు. నవ్వుకున్నాం, సరే. కానీ ఒక్కమాట ఆలోచించండి. అన్నేళ్ళూ నిరూపించుకోవలసిన భారం దీపదే అయింది. అనుమానించినవాడు తెల్లకోటు వేసుకుని హాయిగా ఆసుపత్రికి వెళ్ళివస్తున్నాడు. పైగా, ‘ప్రేమ ఉంది కాబట్టే అంత బాధ’ అని అతని మీద మనకు జాలి పుట్టేలా పాట పెట్టారు. పక్కన కూర్చుని హోంవర్కు రాసుకుంటున్న ఆడపిల్ల చెవిలో ఇది పడదా? అనుమానం కూడా ఒక ముద్దే కాబోలు అనుకోదా? సీరియల్సులో నగలకంటే, విషప్రయోగాలకంటే నాకు భయం వేసేది ఇదే.

ఎందుకిలా సాగదీస్తారంటే, మనం చూస్తాం కనుక. బార్క్ అనే సంస్థ దేశంలో కొన్ని వేల ఇళ్ళలో టీవీలకు మీటర్లు పెట్టి, ఎవరు ఏది ఎంతసేపు చూశారో వారం వారం లెక్కతీస్తుంది. ఆ అంకెను బట్టి సబ్బులవాళ్ళు, పప్పునూనెలవాళ్ళు ప్రకటనలకు డబ్బు కడతారు. భార్యాభర్తలు రాజీపడితే అంకె పడిపోతుందని భయం. అందుకే మూడు ముఖాలు, మూడు ఉరుములు, రేపటి భాగంలో చూడండి. మన కళ్ళకు లెక్క ఉంది. మన చేతుల పనికే లెక్క లేదు.

ఈ సీరియల్ పిచ్చి మీదనే 2025 మేలో ‘శుభం’ అనే సినిమా వచ్చింది. సమంత సొంతంగా తీసిన మొదటి సినిమా. దర్శకుడు ప్రవీణ్ కండ్రేగుల. భీమిలిలో ఒక కేబుల్ టీవీ కుర్రాడికి పెళ్ళవుతుంది. రాత్రి తొమ్మిది కొట్టేసరికి కొత్తపెళ్ళాం లేచి వెళ్ళి టీవీ ముందు కూర్చుంటుంది. దయ్యం పట్టినట్టు అని కాదు, దయ్యం పట్టే! కదిపితే మగడి పని అంతే. తీరా చూస్తే ఊళ్ళో ఇంకా కొందరు భార్యల వరసా అదే. మొదట నాకు కొంచెం చిరాకేసింది, మళ్ళీ మన మీదనే హాస్యమా అని. కానీ పోను పోను దెబ్బ మగవాళ్ళకే తగిలింది. పెళ్ళాన్ని గుప్పెట్లో పెట్టుకోవాలని ఒకరికొకరు పాఠాలు చెప్పుకునే మొగుళ్ళు, తొమ్మిదయ్యేసరికి గజగజలాడుతూ మూల కూర్చుంటారు. రోజు మొత్తంలో ఆడదానికి తనదంటూ ఉన్నది ఆ అరగంట. దానికోసం దయ్యం కావలసివచ్చింది! రెండో సగం కాస్త గందరగోళమే అనుకోండి. అయినా పదిమంది ఆడవాళ్ళు కలిసి చూస్తే పొట్ట చెక్కలవుతుంది.

ఇప్పుడు నవ్వు పక్కన పెట్టి మలయాళం వంటింట్లోకి వెళదాం. ‘ది గ్రేట్ ఇండియన్ కిచెన్’ 2021 జనవరిలో వచ్చింది. జియో బేబీ తీశాడు. ఆ ఏడాది ప్రకటించిన కేరళ రాష్ట్ర అవార్డుల్లో ఉత్తమ చిత్రం అదే. తమిళంలో 2023లో తీశారు, హిందీలో ‘మిసెస్’ అని 2025లో సాన్యా మల్హోత్రాతో తీశారు. నేను చెప్పేది మలయాళం సంగతి. అందులో భార్యాభర్తలకు పేర్లు లేవు. భార్యగా నిమిషా సజయన్, భర్తగా సూరజ్ వెంజారమూడు.

కథంటూ పెద్దగా లేదు. తరుగుతుంది, రుబ్బుతుంది, వండుతుంది, వడ్డిస్తుంది, కడుగుతుంది. మళ్ళీ తరుగుతుంది. వెనక వాయిద్యాలు కూడా లేవు, కత్తిపీట చప్పుడు, కుక్కరు ఈల, చీపురు గీసే చప్పుడు తప్ప. మగవాళ్ళు తిని లేచాక బల్ల మీద నమిలి వదిలేసిన పిప్పి. అత్తాకోడళ్ళు దాన్ని ఎత్తిపోసి ఆ ఎంగిలి బల్ల మీదే కూర్చుని తింటారు. సింకు కింద గొట్టం కారుతూ ఉంటుంది. ప్లంబరును పిలవమని ఆమె చెబుతుంది, అతను మరచిపోతాడు. మళ్ళీ చెబుతుంది, మళ్ళీ మరచిపోతాడు. ఆ మురికినీళ్ళ బకెట్టును చూస్తుంటే నా ముక్కుకు వాసన తగిలినట్టే అయింది.

ఇందులో నాకు గొప్పగా తోచిందేమిటంటే, ఆ ఇంట్లో రాక్షసులెవరూ లేరు. మామగారు పల్లెత్తు మాట అనరు. నెమ్మదిగా, చిరునవ్వుతో, ‘అన్నం కట్టెలపొయ్యి మీద వండమ్మా, కుక్కరులో వద్దు’ అంటారు. ‘నా బట్టలు మిషనులో వేయకు’ అంటారు. కోడలు ఉద్యోగానికి దరఖాస్తు పెడతానంటే, మా ఆవిడ కూడా పెద్ద చదువే చదివింది, ఇంటిపట్టున ఉంది కనుకనే పిల్లలు బాగుపడ్డారు అన్న ధోరణిలో బుజ్జగిస్తారు. అంత మెత్తటి మాటకు ఎదురు ఏమని చెబుతాం? సీరియల్లో విలన్‌కు కనుబొమలు ఎగురుతాయి, సంగీతం మోగుతుంది, మనకు ఇట్టే తెలిసిపోతుంది. మన ఇళ్ళలో అలాంటి సంగీతం మోగదు గదా!

మగవాళ్ళెవరైనా ఇదంతా అతిశయోక్తి అంటే వాళ్ళకు సర్కారు లెక్కే చూపించండి. కేంద్రప్రభుత్వం 2024లో జరిపిన కాలవినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటిపనుల్లో పాలుపంచుకునే ఆడవారు రోజుకు సగటున 289 నిమిషాలు వాటికి పెడుతున్నారు. మగవారు 88 నిమిషాలు. ఆ 88 కూడా అసలు ఇంటిపని ముట్టుకునే మగవాళ్ళ సగటు మాత్రమే.

సినిమా చివర ఆమె ఆ మురికినీళ్ళు వాళ్ళ ముఖాన కొట్టి వెళ్ళిపోతుంది. తన కాళ్ళ మీద నిలబడి నాట్యం నేర్పుకుంటుంది. మా ఇరుగుపొరుగువాళ్ళం చాలామందిమి అక్కడ చప్పట్లు కొట్టాం. నన్ను కుదురుగా కూర్చోనివ్వనిది మాత్రం దాని తరవాత వచ్చే చిన్న ముక్క. అతను మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు. కొత్త భార్య అదే వంటింట్లో అతను తాగి వదిలిన కప్పు కడుగుతూ ఉంటుంది. వెళ్ళగలిగిన ఆవిడ వెళ్ళింది. మరి ఈవిడో? ఆ గొట్టం బాగుచేయించారో లేదో కూడా మనకు తెలియదు.

మన తెలుగులో ఇంత ఘాటుగా ఎవరూ తీయలేదు గాని, మెత్తగా తీసినవి ఉన్నాయి. ఈటీవీ విన్‌లో 2024 జనవరిలో ‘నైంటీస్’ అని ఆరు భాగాల కథ వచ్చింది, ఆదిత్య హాసన్ తీశాడు. తండ్రి సర్కారు బడిలో లెక్కల మాస్టారు, శివాజీ వేశాడు. తల్లిగా వాసుకి. 1998లో ‘తొలిప్రేమ’లో చెల్లెలుగా వేసిన అమ్మాయే! ఎన్నాళ్ళకు కనబడిందో. మన ఇళ్ళ పొదుపూ, ఉప్మా మీద పిల్లల గొడవా చూసి అందరం మురిసిపోయాం. నేనూ మురిశాను. కాకపోతే పొదుపు చేసిన గొప్పతనం నాన్నకు పోయింది, ఉప్మా చేసిన అపకీర్తి అమ్మకు మిగిలింది. డబ్బు లేక ఉప్మా చేసింది గాని, ఆవిడకు మాత్రం పూరీలు చేయాలని ఉండదా?

నా మనసులో నిలిచిపోయింది ‘35’. ‘చిన్న కథ కాదు’ అని కూడా పేరులోనే ఉంది. 2024 సెప్టెంబరులో వచ్చింది. నందకిశోర్ ఈమాని దర్శకుడు. తిరుపతిలో బస్సు కండక్టరు ప్రసాద్ కుటుంబం. భార్య సరస్వతి పదో తరగతి గట్టెక్కలేదు. పెద్దకొడుకు అరుణ్‌కు లెక్కలు రావు. రావంటే మొద్దు అని కాదు, వాడికి సందేహాలు. సున్నాకు విలువ లేదంటారు, మరి ఒకటి పక్కన పెడితే పది ఎలా అవుతుంది? ఇదీ వాడి ప్రశ్న. మాస్టారికి ఒళ్ళు మండుతుంది. ఆ మాస్టారుగా ప్రియదర్శి ఎంత బాగా వేశాడంటే, చూస్తుంటే నాకే అరచేతులు దురద పెట్టాయి, చిన్నప్పటి బెత్తం గుర్తొచ్చి. పిల్లవాడు పాసు మార్కు 35 తెచ్చుకోకపోతే ఆ బడిలో ఉండనివ్వరు.

అప్పుడు సరస్వతి ఏం చేసింది? దేవుడికి మొక్కుకుని ఊరుకోలేదు, ట్యూషను మాస్టారు కాళ్ళ మీదా పడలేదు. తానే లెక్కల పుస్తకం ముందేసుకుంది. తాను నేర్చుకుంది, పిల్లవాడికి నేర్పింది. ఈ వేషానికి నివేదా థామస్‌కు తెలంగాణ ప్రభుత్వం 2024 సంవత్సరానికి ఉత్తమనటిగా గద్దర్ అవార్డు ఇచ్చింది. ఇవ్వవలసిందే. నలిగిన నూలుచీర, ముడివేసిన జుట్టు, చెమట పట్టిన మెడ. ఆ ఇంట్లో గిన్నెలు నిజం గిన్నెలు.

పదో తరగతితో పుస్తకాలు కట్టేసిన మాబోటివాళ్ళకు ఈ కథ ఎక్కడ తగులుతుందో చెప్పనా? పిల్లలు అయిదారు తరగతులు దాటేదాకా మనమే గురువులం. ఆ తరవాత ఒక రోజు వస్తుంది. ‘నీకు తెలియదులే అమ్మా, నాన్నని అడుగుతా’ అంటారు. తప్పుగా అనరు, మామూలుగానే అంటారు. మనమూ మామూలుగానే లేచి వంటింట్లోకి పోతాం. ఆ రోజునుంచి మన చదువు కందిపప్పు ధర కూడుకోవడానికే. సరస్వతి ఆ లేచి వెళ్ళిపోయే పని చేయలేదు. కూర్చుంది. అంతే. ఈ సినిమాలో ఉపన్యాసాలు కొంచెం ఎక్కువ, చివరి భాగం నెమ్మది. అదంతా క్షమించేయవచ్చు.

మరో సినిమా మాట చెప్పి ముగిస్తాను. 2025 నవంబరులో వచ్చిన ‘ది గర్ల్‌ఫ్రెండ్’. రాహుల్ రవీంద్రన్ తీశాడు. పేరు చూసి ఇది కాలేజీ కుర్రకారు బొమ్మ, మనకెందుకు అనుకోకండి. భూమాదేవి అనే అమ్మాయిగా రష్మిక, ఆమెను ప్రేమ పేరుతో కొంచెం కొంచెంగా ఊపిరాడకుండా చేసే విక్రమ్‌గా దీక్షిత్ శెట్టి. డాక్టరు బాబు అనుమానానికి పాట పెట్టారన్నానే, ఇక్కడ అలాంటి ప్రేమకు పాట పెట్టకుండా ఉన్నదున్నట్టు చూపించారు. విక్రమ్ తల్లిగా రోహిణి కనబడుతుంది. కనబడేది కాసేపే, మాట కూడా దాదాపు లేదు. ఆ బెదురు చూపులు, ఆ ఒదిగి నిలబడడం చూసి, ఈ ఇంట్లో కాలు పెడితే రేపు నేనూ ఇంతే అని భూమకు అర్థమవుతుంది. ఆ పెద్దావిడ ఎవరికీ ఏమీ చెప్పలేదు. ఎదురుగా నిలబడింది, అంతే.

మీ ఇంట్లో కాలేజీ పిల్లలుంటే ఆ సినిమా వాళ్ళను పక్కన కూర్చోబెట్టుకుని చూడండి, మగపిల్లలను కూడా. రోహిణి వచ్చేముందు మాత్రం పొయ్యి కట్టేసి రండి. పాలు దించడానికి లేచారంటే ఆ ముక్క కాస్తా దాటిపోతుంది.