పెరటి అడవి, ముంగిటి కడలి
(ప్లాటినం జూబ్లీ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

డెబ్బది అయిదేళ్ళ పండుగ నాడు పాఠశాల సాధించిన విజయాలను చెప్పుకోవడం ఆచారం. ఆ లెక్కలు ఈ సంచికలోని ఇతర పుటలలో ఉన్నవి. ఈ ప్రసంగం ఒక కొరతను గురించి. కామాఠిపురా గల్లీలలోను, తెలుగువారి చాళ్ళలోను పెరిగిన పిల్లలలో పలువురు పది తరగతులు పూర్తి చేసినా బొరీవలీ అడవిని చూడరు. రేవు దాటి అవతలి తీరంలో అడుగు పెట్టరు. వేసవిలో కరీంనగరుకో, పాలమూరుకో, నల్లగొండకో రాత్రంతా ప్రయాణం చేసి పోయివచ్చే పిల్లలకు గంట దూరంలోని అడవి అపరిచితం. పెరటి చెట్టు మందుకు రాదన్న సామెత వీరి విషయంలో అక్షరాలా నిజమయినది. ఈ కొరత తీరడానికి ధనరాశులు అక్కరలేదు. ఒక సైకిలు, ఒక ఆదివారం, వెంట ఒక పెద్ద దిక్కు ఉంటే చాలును.

నగరానికి తెలుగువారు చేసిన సేవను ఒక్కసారి తలచుకోవాలి. 1784 నాటికి హార్న్‌బీ వెల్లార్డ్ అనే కట్ట సముద్రపు నీటిని అడ్డుకొన్న తరువాత ఇక్కడి పల్లపు నేలలు ఆరి నివాసయోగ్యమయినవి. అటువంటి నేల మీద, నిజాం సీమ నుండి కూలికై వలస వచ్చిన కామాఠీల పేరిట, ఈ పేట వెలసినది. రాళ్ళు కొట్టినవారు, రోడ్లు పోసినవారు, గోడలు లేపినవారు వారే. వారి వెనుక పద్మశాలీలు వచ్చి మిల్లులలో మగ్గాలు నడిపినారు. స్త్రీలు ఇంట కూర్చుండి బీడీలు చుట్టినారు. 1982 జనవరి 18న ఆరంభమయిన మిల్లుల సమ్మె ఎన్నో పొయ్యిలను చల్లార్చినా, పిల్లల పలకా బలపము మాత్రం ఆగలేదు. ఊరికి దారులు వేసిన వారి మనుమలకు ఆ దారులు ఎక్కడికి పోతున్నవో తెలియకపోవడం విచారకరం కాదా?

చాళ్ళలో చోటు ఎంత? 1920వ దశకంలో కట్టిన బి.డి.డి. చాళ్ళలో ఒక కుటుంబానికి దక్కినది 160 చదరపు అడుగుల గది. అందులోనే వంట, పడక, చదువు, చుట్టాల రాక. పిల్లవాడికి మిగిలినది వసారా, మెట్లు, గల్లీ. ఆ గల్లీలోనే గంటకు ఇంత అని అద్దె సైకిలు తెచ్చి, అందని సీటును విడిచి, కమ్మీ సందులో కాలు దూర్చి తొక్కి, మోకాళ్ళు చెక్కుకొన్న అనుభవం ఈ సభలోని పూర్వ విద్యార్థులలో ఎందరికో ఉండే ఉంటుంది. ఆ గంట సేపు వారు ఆ గదిని మరచిపోయినారు. సైకిలు ఇచ్చే తొలి వరం అదే.

అడవి బాటలకు, గులక దారులకు పనికివచ్చే వెడల్పు టైర్ల, గేర్ల సైకిలును చూచి ఇది సంపన్నుల వినోదమని కొందరు అనుకొంటారు. దాని పుట్టుక అటువంటిది కాదు. 1970వ దశకంలో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో, టామల్‌పాయిస్ కొండ పరిసరాలలో, కొందరు యువకులు పాతసామాను కింద పడి ఉన్న బరువు సైకిళ్ళను బాగుచేసుకొని కొండ దిగడం మొదలుపెట్టినారు. దిగేసరికి బ్రేకులోని గ్రీజు వేడికి కాలిపోయేది. మళ్ళీ గ్రీజు నింపుకోవలసి వచ్చేది. అందుచేత ఆ దారికి ‘రీప్యాక్’ అనే పేరు స్థిరపడినది. ఆ పాతసామాను ఆట 1996లో అట్లాంటా ఒలింపిక్సులో క్రీడగా చేరినది.

అంత దూరం పోనక్కరలేదు. 1923 అక్టోబరు 15న ఈ బొంబాయి నుండే ఆరుగురు పార్సీ యువకులు సైకిళ్ళపై ప్రపంచ యాత్రకు బయలుదేరినారు. వారిలో అది హకీమ్, జాల్ బాపసోలా, రుస్తుం భుంగరా సుమారు 71,000 కిలోమీటర్లు తిరిగి 1928 మార్చిలో నగరానికి మరలివచ్చినారు. వారికి గేర్లు లేవు, సరైన పటాలు కూడా లేవు. వారు లోకమంతా చుట్టినారు. పిల్లలు ముందుగా తమ ఊరి చుట్టుపక్కల చుట్టి వస్తే చాలును.

మొదటి బాట అడవిది. బొంబాయి సెంట్రలు నుండి బొరీవలీకి లోకల్ రైలు. స్టేషనుకు దగ్గరలోనే సంజయ్ గాంధీ జాతీయ ఉద్యానవనం ద్వారం. సైకిలును అక్కడే అద్దెకు తీసుకోవచ్చును కనుక నగరపు రద్దీలో పిల్లలు తొక్కవలసిన అవసరం లేదు. నూరు చదరపు కిలోమీటర్లకు మించిన ఈ అడవిలో ద్వారం నుండి కన్హేరి గుహల దాకా సుమారు 6, 7 కిలోమీటర్ల తారు దారి కలదు. తొలుత చదునుగా సాగి, చివర ఎగువకు మళ్ళి ఊపిరిని పరీక్షిస్తుంది. టేకు, మోదుగ, బూరుగ చెట్ల నడుమ దుప్పులు కనబడవచ్చును. ఈ అడవిలోనే విహార్, తులసీ చెరువులు ఉన్నవి. 1860లో విహార్ నీరు నగరానికి చేరిన నాటి నుండి బొంబాయి దాహానికి ఈ అడవి తోడుగా నిలిచినది. కొళాయి తిప్పే ప్రతి చేయీ దీనికి ఋణపడి ఉన్నది.

దారి చివర కొండలో తొలిచిన నూరుకు పైగా బౌద్ధ గుహలు. అక్కడ శాతవాహన చక్రవర్తి యజ్ఞశ్రీ శాతకర్ణి నాటి శాసనం కలదు. కోస్తా ఆంధ్రలోని చినగంజాంలోను ఆయన కాలపు శాసనం లభించినది. రెండు తీరాలను ఏలిన ఆ రాజును గూర్చి తరగతి గదిలో చెప్పే పాఠం ఒక ఎత్తు. చెమటోడ్చి ఎక్కివచ్చి, ఆ రాతి మీది అక్షరాలను కంటితో చూచుట మరొక ఎత్తు. తెలుగు బిడ్డ ఆ గుహ ముందు నిలిచినప్పుడు ఈ నేల తనకు కొత్త కాదని గ్రహిస్తాడు.

రెండవ బాట సముద్రానిది. మలాడ్ నుండి మార్వే రేవుకు చేరితే, ఖాడీ దాటించే పడవ సైకిలును కూడా ఎక్కించుకొంటుంది. ఆవల మనోరీ. అక్కడి నుండి గోరాయి మీదుగా ఉత్తన్ వైపు పోయే దారిలో మడ అడవులు, కొబ్బరి తోటలు, చేపలు ఎండబెట్టే కోలీల పల్లెలు. గోరాయిలో 2009లో ప్రారంభమయిన విపశ్యనా పగోడా బంగారు వన్నెతో దూరం నుండే కనిపిస్తుంది. ఇసుకలో చక్రం దిగబడినప్పుడు దిగి నడిపించడంలో చిన్నతనం లేదని పిల్లలు ఇక్కడ నేర్చుకొంటారు.

మూడవ బాట పెద్ద తరగతుల వారికి, పూర్వ విద్యార్థులకు తగినది. కామాఠిపురా నుండి మూడు నాలుగు కిలోమీటర్లలో ఉన్న భావుచా ధక్కా నుండి మాండ్వాకు, వాహనాలను సైతం మోసే ఓడ 2020 మార్చి నుండి నడుస్తున్నది. మాండ్వా నుండి అలీబాగు సుమారు 20 కిలోమీటర్లు. అక్కడి కొలాబా కోటకు ఆటు వేళ నడిచి పోవచ్చును. పోటు వస్తే అది ద్వీపమే. ఆపైన పోక తోటల నీడలో రేవదండా, వంతెన దాటితే కాశీద్ ఇసుక తీరం, ఎడమ చేతి వైపు కొండలలో ఫణ్సాడ్ అభయారణ్యం, చివరకు మురుడ్, సముద్రం నడుమ జంజీరా కోట. ఒకనాడు జంజీరా నవాబుల వేట భూమి అయిన ఫణ్సాడ్‌ను 1986లో అభయారణ్యంగా ప్రకటించినారు. చెట్ల కొసలలో బెట్టుడుత నివసించే అడవి అది. మాండ్వా నుండి మురుడ్‌కు సుమారు 70 కిలోమీటర్లు. రెండు రోజుల ప్రయాణంగా పెట్టుకోవడం మంచిది. దూరపు కొండలు నునుపని అంటారు. తొక్కుకొంటూ దగ్గరకు పోయినవారికే వాటి గరుకుదనం, దానితో పాటు వాటి చల్లదనం తెలుస్తాయి.

తల్లిదండ్రుల భయం అకారణమైనది కాదు. బొరీవలీ అడవి చిరుతపులుల నివాసం. చీకటి పడకముందే వెలుపలికి రావాలి, గుంపును విడిచి ఒంటరిగా పోరాదు, అనుమతించిన దారిని దాటరాదు. సోమవారం ఉద్యానవనానికి సెలవు. వానకాలంలో సముద్రం కల్లోలంగా ఉంటుంది. రాళ్ళు నాచు పట్టి జారుతాయి. అందుచేత దసరా తరువాత బయలుదేరుట క్షేమం. తలకు హెల్మెట్టు, చేతిలో నీళ్ళ సీసా, సంచిలో గాలిపంపు, పంక్చరు సామాను తప్పనిసరి. బయలుదేరే ముందు రెండు బ్రేకులూ నొక్కి చూడటం ప్రార్థనాగీతం వలె నిత్యవిధి కావాలి. జారిన చైనును ఎక్కించుకోవడం, చిల్లి పడిన ట్యూబును అతికించుకోవడం కూడా విద్యయే. చేతికి నల్లటి జిడ్డు అంటిన పిల్లను కోప్పడవద్దని తల్లులకు మనవి.

ఆడపిల్లల విషయం వేరుగా చెప్పవలసి ఉన్నది. పన్నెండేళ్ళు నిండగానే ఎందరి సైకిలో తమ్ముడి చేతికి మారిపోతున్నది. తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో 1991లో సాగిన అక్షరాస్యతా ఉద్యమం స్త్రీలకు అక్షరాలతో పాటు సైకిలునూ నేర్పినది. లక్షకు పైగా గ్రామీణ స్త్రీలు సైకిలు ఎక్కినారు. బజారుకు, బడికి, నీటికి ఎవరి తోడూ లేక పోయివచ్చినారు. పల్లెలో కూలి తల్లులు సాధించినదానిని మహానగరంలో చదువుకొనే బాలికకు కాదనడం న్యాయమా? తొలి యాత్రలో సగం మంది బాలికలు ఉండాలని ఈ సభ సంకల్పించుట శుభం.

ఇప్పుడే ఎందుకు ఈ మాట? చాళ్ళ కాలం ముగియవచ్చినది. 2025 ఆగస్టులో వర్లీ బి.డి.డి. చాళ్ళ తొలి కుటుంబాలు కొత్త అంతస్తుల ఇళ్ళ తాళాలు అందుకొన్నవి. 160 చదరపు అడుగుల చోట 500 చదరపు అడుగుల ఇల్లు దక్కడం తరాల కల పండటమే, అందుకు సంతోషించాలి. అయితే ఆకాశంలో ఇల్లు దొరికినవారికి కింద గల్లీ మిగలదు. వసారాలో పరుగెత్తిన బాల్యం తలుపు వెనుక చేరి, టెలిఫోను తెర ముందు కూర్చుండే ప్రమాదం కలదు. కాబట్టి పూర్వ విద్యార్థులు పూనుకొని పాఠశాలకు పది సైకిళ్ళు సమకూర్చాలి. దసరా నుండి వేసవి సెలవుల వరకు నెలకొక ఆదివారం యాత్ర సాగాలి. ప్రతి యాత్రకు ఇద్దరు తల్లిదండ్రులు వంతుల వారీగా వెంట నడవాలి.

బొరీవలీ కొండలలో కార్వి అనే పొద ఉన్నది. అది ఎనిమిదేళ్ళకు ఒక్కసారి మాత్రమే పూస్తుంది. 2016లో పూసినది, 2024లో పూసినది. మళ్ళీ 2032లో ఆ కొండలు ఊదారంగు కప్పుకొంటాయి. ఈ ఏడు ఒకటవ తరగతిలో చేరిన చిన్నారి ఆనాటికి పై తరగతులకు వస్తుంది. ఆమె ఆ పూలను పుస్తకంలో బొమ్మగా కాక, తన కాళ్ళ బలంతో ఎక్కిపోయి కన్నులారా చూడగలిగితే, ఈ ప్లాటినం ఉత్సవం సార్థకమయినట్లే.

స్వస్తి.