కుచ్చిళ్ల వెనక మోకాలు

సెప్టెంబర్ 8, ఫిజియోథెరపీ దినం కదా, కొత్త యంత్రాల మీద మాట్లాడమని నిర్వాహకులు అడిగారు. పేషెంట్లు వేసుకొచ్చే బట్టల మీద మాట్లాడతానన్నాను. నవ్వకండి. మన పరీక్ష సగం అక్కడే తప్పుతోంది.

మోకాళ్ల నొప్పులతో ఒక పెద్దావిడ వస్తుంది. ఆసుపత్రికి కదా అని మంచి చీర కట్టుకుని, పిన్నులు పెట్టుకుని మరీ వస్తుంది. మనం చూడాల్సిందేమిటి? మోకాలు ఎంతవరకు వంగుతోంది, పూర్తిగా చాపగలుగుతోందా, తొడ ముందు కండ ఎంత తగ్గింది, నిలబడితే దొడ్డికాళ్లు కనిపిస్తున్నాయా. అన్నీ కుచ్చిళ్ల వెనకే ఉన్నాయి. ఆవిడ చీర పిక్కదాకా జరిపి, అక్కడ గుప్పిట్లో పట్టుకుని కూర్చుంటుంది. పట్టుకున్నంతసేపూ తొడ బిగిసే ఉంటుంది. సిగ్గుతో బిగిసిన ఆ కండ మీద చెయ్యి వేసి మనం ‘స్టిఫ్‌నెస్’ అని రాసేస్తాం.

మగవాళ్లతో ఇబ్బంది వేరు. బిగుతు జీన్స్‌తో వచ్చినవాణ్ణి పడుకోబెట్టి కాలు నిటారుగా లేపుతాం. సగంలో ఆగింది. ఆపింది నడుము నరమా, ప్యాంటా? లుంగీ మోకాలి పరీక్షకు మహా సుఖం. కాలు లేపమన్నప్పుడే ఇద్దరికీ ఇరకాటం. లోపల నిక్కరు వేసుకుని రమ్మంటే సరిపోతుంది. అయితే తొడ బయటివైపు మంట, తిమ్మిరి అన్నవాళ్ల చేత వెంటనే బట్టలు మార్పించకండి. బెల్టు ఎక్కడ నొక్కుతోందో ముందు చూడండి. తొడ చర్మానికి వెళ్లే నరం నడుము ఎముక ముందుకొస దగ్గర నలిగితే అచ్చంగా అవే బాధలు. అక్కడ ఆ బట్టలే రిపోర్టు.

భుజం పట్టేసినావిడ వెనక హుక్కుల జాకెట్టుతో వస్తే, ‘హుక్కులు ఎవరు పెట్టారమ్మా?’ అని అడగండి. ‘కోడలు’ అంటే చెయ్యి వీపు వెనక్కి పోవడం లేదన్నమాట. తర్వాతి రోజు నుంచి ముందు గుండీలున్న వదులు నైటీ మేలు. రెక్క ఎముక కదలిక చూడాలంటే వీపు కనిపించాలి, వీపు మాత్రమే. మిగతాదంతా దుప్పటి కిందే ఉండాలి, గదిలో తోడుగా ఒక ఆడమనిషి ఉండాలి.

షార్ట్‌వేవ్ డయాథర్మీ పెట్టేవాళ్లకు ఒక మాట. 27.12 మెగాహెర్ట్జ్ తరంగాల ముందు లోహం ఉంటే వేడి అక్కడ పోగుపడి చర్మం కాలుతుంది. నగలు, పిన్నులు, హుక్కులు సరే, జరీ కూడా లోహమేనని మరిచిపోతాం. నైలాన్, పాలిస్టర్ బట్టల కింద చెమట నిలిచినా అదే ప్రమాదం. అందుకే ఒంటి మీద పొడి నూలుగుడ్డ ఉండాలి. మరి మెడనొప్పికి వచ్చినావిడ పుస్తెలతాడు తియ్యనంటే? బలవంతపెట్టకండి. ఆ యంత్రం మానేసి చేత్తో చికిత్స, వ్యాయామం చేయించండి. కొంపేమీ మునగదు.

ఇవన్నీ పేషెంటుకు ముందే ఎలా తెలుస్తాయి? మనం చెప్పలేదు కాబట్టే పట్టుచీర కట్టుకొచ్చింది. వచ్చాక వెనక తెరుచుకుని ఉండే ఆసుపత్రి గౌను చేతికిస్తే సిగ్గు రెట్టింపవుతుంది. అపాయింట్‌మెంట్ ఇచ్చే అమ్మాయి చేత ఫోన్లోనే చెప్పించండి: ‘అమ్మా, వదులు నూలు పైజామా ఒకటి సంచిలో వేసుకురండి. రోజూ తొడుక్కునే చెప్పులతోనే రండి, అరుగుదల చూస్తారు. బట్టలు మార్చుకోవడానికి గది ఉంది, లోపల గడియ ఉంది.’ గడియ సంగతి తప్పకుండా చెప్పించండి. లేకపోతే ఈ వారంలోనే పెట్టించండి.