నల్ల ముత్యం విలువ, నల్లపిల్ల కట్నం

(మహిళా సంఘం సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ మధ్య హైదరాబాదు పత్తర్‌గట్టీలో ఒక ముత్యాల దుకాణానికి వెళ్ళాను. అద్దాల బీరువాలో తెల్లని బొమ్మ మెడకి ముదురురంగు ముత్యాల దండ వేసి ఉంది. చూపించమంటే దుకాణదారు మర్యాదగానే అన్నాడు: "అవి తెల్లగా ఉన్నవాళ్ళకి నప్పుతాయి మేడమ్. మీకు తెల్లవి చూపిస్తాను." నేను నల్లగా ఉంటాను. ఆ మాట నాకు కొత్త కాదు. కానీ నలుపుని అంత ధరకి అమ్ముతూ, నల్లని మనిషికి అది నప్పదనడం నన్ను ఆలోచనలో పడేసింది.

ఈ ముత్యాలని తాహితీ ముత్యాలంటారు. పేరు తాహితీదే అయినా, ఎక్కువగా పండేది ఫ్రెంచ్ పాలినీషియాలోని తువామోతు, గాంబియే దీవుల ఉప్పునీటి మడుగుల్లో. నల్లని అంచున్న ముత్యపుచిప్పలో ఒక గుండ్రటి పూసనీ, మరో చిప్పలోని జీవి నుంచి కోసిన కణజాలం ముక్కనీ పెట్టి, ఏడాదిన్నర నుంచి రెండేళ్ళు నీళ్ళలో ఉంచుతారు. నల్లవి అంటాం గానీ వాటిలో బూడిదరంగు, నెమలిపింఛపు ఆకుపచ్చ, వంకాయరంగు అన్నీ ఉంటాయి.

1970లలో వీటిని అమెరికాకి తీసుకెళితే మొదట్లో కొనేవాళ్ళు దొరకలేదు. ముత్యమంటే తెల్లగా ఉండాలని అందరి నమ్మకం. అయినా సాల్వడార్ అసాయెల్ అనే వ్యాపారి వాటిని చవగ్గా వదిలించుకోలేదు. న్యూయార్క్ ఫిఫ్త్ అవెన్యూలో హారీ విన్‌స్టన్ దుకాణం అద్దాల కిటికీలో భారీ ధరకి పెట్టించాడు. ఖరీదైన పత్రికల్లో వజ్రాలు, కెంపులు, పచ్చల పక్కన వీటి ఫొటోలు వేయించాడు. డాన్ ఏరియలీ అనే పరిశోధకుడు 2008లో వచ్చిన తన పుస్తకంలో ఈ ఉదంతం చెప్పాడు. ముత్యం మారలేదు. దాన్ని ఎవరి పక్కన నిలబెట్టారన్నదే మారింది.

అంటే రంగుకి విలువ దానంతట అది రాదు. డబ్బూ పలుకుబడీ ఉన్నవాళ్ళు కడతారు. వాళ్ళకి లాభమైతే నలుపు కూడా అందమే అవుతుంది.

అదే దశకంలో, 1975లో, మన దేశంలో ఫెయిర్ అండ్ లవ్లీ క్రీము వచ్చింది. 2020లో దాని పేరు గ్లో అండ్ లవ్లీ అయింది. పేరు మారింది గానీ పెళ్ళిచూపుల మాటలు మారలేదు. "పిల్ల కాస్త రంగు తక్కువ" అనగానే కట్నం పెరగడం మనందరం చూసిందే. మా అమ్మ నా పెళ్ళికి దాచిన డబ్బులో కొంత "రంగుకి" అని విడిగా లెక్కేసేది.

ఇంకో విషయం. మన దగ్గర చవగ్గా దొరికే నల్ల ముత్యాల దండలు చాలావరకు తెల్ల మంచినీటి ముత్యాలకి రంగు వేసినవి. ముత్యాన్ని నల్లగా మార్చి మనకే అమ్ముతారు. మనల్ని తెల్లబడమని క్రీమూ మనకే అమ్ముతారు. రెండుసార్లూ డబ్బు పెట్టేది మనమే.

నగలు వద్దనడం నా ఉద్దేశం కాదు. కొనేటప్పుడు అది సహజమైన రంగా, వేసిన రంగా అని అడగడం, బిల్లు మీద రాయించుకోవడం మన హక్కు. అంతకంటే ముఖ్యమైనది మరొకటుంది. "రంగు తక్కువ" అని అదనంగా అడిగేదీ కట్నమే. 1961 వరకట్న నిషేధ చట్టం ప్రకారం అలా అడగడమే నేరం. ఆ మాట మన ఇళ్ళలో వచ్చినప్పుడు ఆడపిల్ల తలవంచుకోనక్కర్లేదు. పక్కనున్న మనం అక్కడే ఆపాలి.

ఆ రోజు దండ నేను కొనలేదు, అంత స్థోమత లేదు. కానీ అడిగి మెడలో వేసుకుని అద్దంలో చూసుకున్నాను. నాకు బాగానే నప్పింది.