షట్టరు తెరుచుకోకపోతే

అరకులో శుక్రవారం సంత. కొండ మీది ఊళ్ల నుంచి జనం దిగుతున్నారు. మీరేమో కొట్టు ముందు నిలబడ్డారు. తాళంచెవి కనబడదు. లేదా వానలకు తుప్పుపట్టిన తాళం కప్పలో చెవి తిరగదు. అప్పుడేం చేయాలి?

ముందుగా, సుత్తి పట్టుకోకండి. తాళం పోతే కొత్తది కొనుక్కోవచ్చు. షట్టరు వంగితే ఖర్చు పెద్దది, ఆ రాత్రి సరుకుకు కాపలా ఉండదు.

తాళాలు తీసే పనివాణ్ణి పిలవండి. కూలి ఎంతో ముందే మాట్లాడుకోండి. కొట్టు మీదేనని చూపే కాగితం అడిగితే విసుక్కోకండి. అలా అడిగేవాడే నమ్మదగినవాడు. పని అయ్యేదాకా పక్కనే ఉండండి. తాళంచెవి పోయిందా? తాళమే మార్చేయండి. అది దొరికినవాడు రేపు కొట్టుకు రావచ్చు.

మీరు వచ్చేసరికే తాళం పగిలి ఉంటే మాత్రం లోపలికి వెళ్లకండి. దేన్నీ ముట్టుకోకండి. వెంటనే 112కు ఫోన్ చేయండి.

మన దగ్గర మరో ఇబ్బంది ఉంది. పనివాడు శృంగవరపుకోట నుంచో విశాఖ నుంచో రావాలంటే అనంతగిరి ఘాట్ ఎక్కాలి. సగం రోజు పోతుంది. సంత బేరం పోతుంది. అందుకే అరకులోనో పాడేరులోనో ఉన్న పనివాడి నంబరు ఈరోజే రాసిపెట్టుకోండి. వానాకాలానికి ముందే తాళాలు శుభ్రం చేయించండి.

చివరిగా చెబుతున్నాను. రెండో తాళంచెవి నమ్మకమైన మనిషి దగ్గర ఉంచండి. పనివాడి నంబరు దగ్గర పెట్టుకోండి. షట్టరు మాత్రం పగలగొట్టకండి.